సంబెట గురవరాజు మీద ఒక్కపూట కేళిక

నాటకం చూసి కంటతడి పెట్టిన రాజుల గురించి విన్నాం. మెచ్చి కంకణాలు తొడిగిన రాజుల గురించీ విన్నాం. నాటకం చూసి దండు కదిలించిన రాజు కథ మాత్రం మాచుపల్లి గ్రామ చరిత్ర చెప్పే కైఫియత్తులో ఉంది. సిద్ధవటం సీమను ఏలుతున్న సంబెట గురవరాజు, పన్ను కట్టలేని ఇళ్ల ఆడవాళ్లను పట్టి తెప్పించి, రొమ్ములకు చిరతలు పట్టించి సొమ్ము రాబట్టేవాడట. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు ఆ ఘోరం చూశారు. తిన్నగా విజయనగరం వెళ్లి రాజు ఎదుట కేళిక ఆడే వీలు సంపాదించారు. ఒకడు గురవరాజు వేషం కట్టాడు, కొందరు బంట్రోతులయ్యారు, ఒకడు ఆడవేషం వేశాడు. చూసింది చూసినట్టు ఆడి చూపించారు. రాజుకు విషయం బోధపడింది. విచారిస్తే నిజమని తేలింది. సైన్యం సిద్ధవటం మీదికి నడిచింది, గురవరాజు తల తెగింది.

16వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో జరిగిందని చెప్పే ఈ సంగతిని కూచిపూడి చరిత్ర రాసేవాళ్లంతా ఎత్తుకుంటారు. కూచిపూడి భాగవతుల పాతదనానికి ఇదో ఆధారం కాబట్టి అలా ఎత్తుకోవడం సహజమే. కానీ వాళ్లు ఆ ఒక్క వాక్యం రాసి, కూచిపూడికి ఆద్యుడని చెప్పే సిద్ధేంద్రయోగి దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం అక్కడి నుంచి కదల బుద్ధి కాదు. ఆరోజు ఆడింది ఏ నాటకం? దాన్ని రాసిందెవరు? ఎవరూ రాయలేదు. పారిజాతం కాదు, ప్రహ్లాద కథ కాదు. దారిలో పుట్టింది, కొలువులో ఆడారు, ఆ పూటతో సరి.

ఈ మాత్రం సంగతైనా మనదాకా వచ్చిందంటే కల్నల్ మెకంజీ పుణ్యం, అంతకు మించి ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరుల పుణ్యం. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక, వాటిని కొలిచే పని స్కాట్లండు దీవుల్లో పుట్టిన కాలిన్ మెకంజీకి అప్పగించారు. గొలుసులతో నేల కొలవమంటే ఆయన ఊళ్ల కథలు కూడా కొలిచాడు. కావలి వెంకట బొర్రయ్య, 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింది గుమాస్తాలు గ్రామగ్రామం తిరిగి కరణాల దగ్గర కూర్చుని, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరు ఎవరి ఏలుబడిలో ఎలా ఉండేదని అడిగి రాసుకున్నారు. అవే కైఫియత్తులు. అంటే గురవరాజు పోయిన 300 ఏళ్లకు కూడా మాచుపల్లి వాళ్లు ఆ కేళికను మరిచిపోలేదు. రాజుల యుద్ధాల తేదీలు కలగాపులగమైనా, నాటకం ఆడి తమ పీడ వదిలించిన వాళ్లను మాత్రం గుర్తు పెట్టుకున్నారు. కైఫియత్తును అక్షరం అక్షరం చరిత్రగా నమ్మమని నేను అనను. ఒక సీమ జనం నాటకానికి అంత శక్తి ఉందని నమ్మారు, నాకు అది చాలు.

ఇంకా కాసేపు ఆ కొలువులోనే ఉందాం. భాగవత మేళం దగ్గర రాజు వేషానికి కిరీటం ఉంటుంది, బంటుకు తలపాగా ఉంటుంది, ఆడవేషానికి జడ, కంచెల ఉంటాయి. కొత్తగా కుట్టించాల్సింది ఏమీ లేదు. రోజూ కంసుడో హిరణ్యకశిపుడో అయ్యే మనిషి ఆరోజు గురవరాజు అయ్యాడనుకుంటాను. నడక పాతదే, మీసం దువ్వే తీరు పాతదే, తాళం పాతదే. మాట ఒక్కటే కొత్తది. సభలో ఉన్నవాడికి మొదట అది దుష్టరాజు వేషంలాగే తోచి ఉంటుంది. ఏ మాటతోనో, ఏ ఊరి పేరుతోనో అది పురాణం కాదని, పెన్న ఒడ్డున నేడో నిన్నో జరుగుతున్నదని తట్టి ఉంటుంది. కల్పన ఎంత స్వేచ్ఛగా సాగినా కట్టు మాత్రం గట్టిగా ఉండాలి. ఆశునాటకానికి ఆయువుపట్టు ఇదే. వేషం చూసేవాడికి ముందే తెలిసి ఉండాలి, అప్పుడే కొత్త మాట సూటిగా తగులుతుంది. ఏ కట్టూ లేకుండా నోటికొచ్చింది మాట్లాడితే అది నాటకం కాదు, సొద.

ఆ మేళం పణంగా పెట్టింది కూడా చిన్నది కాదు. రాజుకు గురవరాజు మీద అభిమానం ఉంటే? విచారణలో సాక్షులు నోరు విప్పకపోతే? అర్జీ అయితే కాగితం చించేయొచ్చు. వేషం వేసినవాడు సభ నడుమ నిలబడి ఉన్నాడు.

ఈ ఆశునాటక విద్యకు వెనకటి జాడలు ఉన్నాయి గానీ పలచగా ఉన్నాయి. నాట్యశాస్త్రం చెప్పే పది రూపకాల్లో భాణం ఒకటి. ఒక్క నటుడే వీధిలో నడుస్తున్నట్టు నటిస్తూ, కనపడని మనుషులతో మాట్లాడుతూ, వాళ్ల జవాబులు తనే అప్పజెబుతూ ఊరినంతా చూపిస్తాడు. కౌటిల్యుడికి నటుల మీద రెండు రకాల దృష్టి ఉంది. గూఢచారులుగా పనికొస్తారు, పల్లెల్లోకి వదిలితే మాత్రం జనం పనులు మానేసి చూస్తారు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో శివరాత్రి నాటి శ్రీశైలం ఆటపాటల్ని వర్ణించాడు. తెలుగులో మిగిలిన వీథి రూపకం క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక పగలంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. వీధే రంగస్థలం, ఎదురుపడిన వాళ్లే పాత్రలు. ఆ పుస్తకం చదివితే పగటి వేషగాళ్లు ఏ గాలి పీల్చి పెరిగారో తెలుస్తుంది.

చుట్టాలు మాత్రం చాలామంది ఉన్నారు. కేరళ గుడి నాటకశాల కూత్తంబలంలో చాక్యారు అనే నటుడు పురాణ శ్లోకం చదివి, దానికి అర్థం చెబుతున్నట్టే చెబుతూ ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని ఏకిపారేయగలడు. రాజు ఉన్నా సరే, వింటూ కూర్చోవాలి. 18వ శతాబ్దంలో అంబలప్పుళలో కుంచన్ నంబియార్ మిళావు అనే వాద్యం వాయిస్తూ ఓ కునుకు తీస్తే, చాక్యారు ఆ కునుకునే కథలో ఇరికించి సభను నవ్వించాడట. పరువు పోయిన నంబియార్ మర్నాడు పక్కనే సొంత ఆట మొదలుపెట్టి జనాన్నంతా లాగేసుకున్నాడని, అదే తుళ్లల్ పుట్టుక అని అక్కడివాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు.

ఇటలీలో 1545లో పాదువా పట్నంలో 8 మంది నటులు నోటరీ ఎదుట ఒప్పందం రాసుకున్నారు. ఉమ్మడి సొమ్ముతో సామాను మోయడానికి ఒక గుర్రం కొనాలి, జబ్బు చేసినవాణ్ణి మేళమే చూసుకోవాలి. అలాంటి మేళాల చేతిలో కొమ్మేడియా దెల్లార్తే పెరిగింది. పిసినారి వర్తకుడు, గొప్పలు పోయే సైనికాధికారి, తిండిపోతు నౌకరు, ఇలా వేషాలన్నీ ముందే స్థిరం. తెర వెనక అతికించిన కాగితం మీద కథ మలుపులు మాత్రమే ఉండేవి, సంభాషణంతా నటుల నోట అప్పటికప్పుడు పుట్టేదే. పారిస్‌లో పాతుకుపోయిన ఆ ఇటలీ మేళాన్ని 1697లో 14వ లూయీ వెళ్లగొట్టాడు. రాజు రహస్యంగా పెళ్లాడిన మేంటెనాన్ దొరసానిని ఒక నాటకంలో వెక్కిరించబోయారన్నది కారణంగా చెబుతారు. ఆయన పోయాక 1716లో గానీ ఇటలీ మేళం మళ్లీ అక్కడ అడుగు పెట్టలేదు. ఒక రాజు వేషాన్ని చూసి తన కింది అధికారిని దండించాడు, ఇంకో రాజు వేషగాళ్లనే దండించాడు.

మన పగటి వేషాల పద్ధతి వేరు. తెర లేదు, దీపాలు లేవు, పగటి వెలుగులో ఇంటి గుమ్మమే రంగం. కూచిపూడి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మేళం బయల్దేరి ఒక ఊళ్లో రోజుల తరబడి దిగేది. వాడవాడా తిరుగుతూ రోజుకో వేషం. బైరాగి, ఫకీరు, ఎరుకలసాని, గొల్ల, బుడబుక్కల, ఇలా 32 అని కొందరు, 64 అని కొందరు లెక్క చెబుతారు. సంభావన చివరి రోజునే అడిగేవాళ్లు. అందులో గొప్ప కిటుకు ఉంది. అన్ని రోజులూ ఊరు చూసిన తరవాత అడిగే ధర అది. పైగా అన్ని రోజులు ఉంటే తప్ప ఊరి గుట్టు చేతికి రాదు. కరణానికి మునసబుకు ఎందుకు పడటం లేదో, ఏ షావుకారు తూకంలో చెయ్యి వాటం చూపిస్తాడో, ఎవరింట అల్లుడు అలిగాడో పొద్దున్న రచ్చబండ దగ్గర విన్నది మధ్యాహ్నానికి వేషంలోకి వచ్చేసేది.

సోమయాజులు, సోమిదేవమ్మ వేషం చూడండి. ముసలి సోమయాజులు, వయసులో ఉన్న పెళ్లాం, ఇద్దరూ మగవాళ్లే. మడి, ఆచారం, ముసలాయన అనుమానం చుట్టూ హాస్యం నడుస్తుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇల్లాలిని సోమిదేవమ్మ "చూశావా వదినా, ఈయనతో నా కాపురం!" అని తగవులోకి లాగుతుంది. ఆ ఇల్లాలు ఏమంటే దాని మీదే తరవాతి మాట. ఆవిడ నవ్వి లోపలికి పోతే ఆ పోవడం మీదే ఓ మాట. అర్ధనారీశ్వర వేషం ఇంకో తీరు. ముక్కు గీత మీదుగా ముఖాన్ని రెండుగా చీల్చి కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. చేతిలో గుడ్డ తెర. ఒక పక్క కప్పితే పులితోలు, విభూతి, ఇంకో పక్క కప్పితే చీర, పసుపు. గొంతు కూడా అంతే వేగంగా మారాలి.

ఈ హాస్యం ఎప్పుడూ పైవాడి మీదే పడిందని చెబితే అబద్ధమవుతుంది. ఎరుకలసాని యాసను, ఫకీరు మాటను, కోమటి పిరికితనాన్ని నవ్వులపాలు చేసిన వేషాలు బోలెడు. ఎదురు చెప్పలేని వాళ్ల మీద విసిరిన మాటల్లో చాతుర్యం ఉండొచ్చు గానీ, గురవరాజు కేళికలోని తెగువ లేదు.

ఆ తెగువ వాసన తెలంగాణ పిట్టలదొరలో ఉంది. ఖాకీ నిక్కరు, నెత్తిన దొర టోపీ, భుజాన కట్టె తుపాకీ. తుపాకి రాముడని, లత్కోర్ సాబ్ అని పేర్లు. ఇంగ్లీషు దొర దర్పాన్ని కట్టె తుపాకీతో కొలిచిన వేషం. ఆ పాత్రకు ఒకటే నియమం: ఎంత అబద్ధమాడినా నవ్వకూడదు, ఎవడు అడ్డు తగిలినా ఆ అడ్డునే మెట్టు చేసుకుని పైకెక్కాలి. "దొరా, పోయినేడు నాకు రాసిచ్చిన వంద ఎకరాలేవి?" అని ఎవరో అంటారు. "చెరువు నడుమ కొలిపిచ్చిన గదరా, నీళ్లు ఇంకినంక దున్నుకో. అప్పటిదాక చేపల పన్ను నాకు కట్టాలె" అంటూ సాగిపోవాలి. అమెరికాలో వయోలా స్పోలిన్ 1963లో ఆశునాటకం మీద పుస్తకం వేసింది. ఆ దారిలో వచ్చిన బళ్లలో ఎదుటి నటుడి మాటను కాదనకు, ఒప్పుకుని దానికి ఇంకొకటి కలుపు అని పాఠం చెబుతారు. పిట్టలదొర ఇంట్లో ఈ పాఠం తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుంటాడు.

ఇంగ్లీషు దొరతనం ఈ వేషగాళ్లను రెండు వైపుల నుంచీ నొక్కింది. 1876 నాటక ప్రదర్శనల చట్టం బహిరంగంగా ఆడే ఏ నాటకాన్నైనా నిషేధించే అధికారం సర్కారుకు ఇచ్చింది. రాసిన నాటకమైతే ప్రతి తెప్పించి చదవొచ్చు, పగటి వేషానికి ప్రతి ఏది? కాబట్టి దెబ్బ ఇంకో దారిన పడింది. 1871లో మొదలై 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచారం చేయడమే అనుమానించదగ్గ పని అన్నట్టు చూసింది. దొమ్మరులు, ఎరుకలవాళ్లు పోలీసు దగ్గర హాజరు వేయించుకోనిదే ఊరు దాటలేని స్థితి వచ్చింది. ఊరూరా తిరగడం మీద బతికే కళను అంతకంటే సూటిగా కొట్టే దెబ్బ ఉండదు. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం మాత్రం వెంటనే పోలేదు. ఇన్ని దెబ్బల నడుమ, బుర్రకథలో పక్కనుండే ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెప్పే ఏర్పాటు ఆ పాత విద్యను కొంత కాపాడింది. బుర్రకథకుడు షేక్ నాజర్ దళం కథ ఆపి నాటి కరువు గురించి, దోపిడి గురించి మాట్లాడుతుంటే సర్కారు బుర్రకథను నిషేధించింది. నిషేధించేంత భయం పుట్టిందంటే గురవరాజు కేళిక ఇంకా బతికే ఉందన్నమాట.

ఇప్పుడు పగటి వేషాలు పోయాయనడం సరికాదు. ఉత్సవాల్లో, ఊరేగింపుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. రంగులు ఉన్నాయి, కిరీటం ఉంది, పరిచయ వాక్యాలు చదివే వ్యాఖ్యాత ఉన్నాడు. ఎదురుమాట అనే మనిషే లేడు. మైకు ముందు పది నిమిషాల్లో అర్ధనారీశ్వరుడు అటూ ఇటూ తిరిగి దిగిపోతాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, కళాకారుల మీద కాదు. వేషాన్ని కాపాడామనుకుని సంభాషణను చంపేసిన మన ఏర్పాట్ల మీద. ఊళ్లో ఉండనివ్వకుండా ఊరి మీద మాట్లాడమంటే ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి లాంటివాళ్లు ఓపిగ్గా తిరిగి కళారూపాల పేర్లు, పద్ధతులు పుస్తకాలకెక్కించారు కాబట్టి మనకు ఏ వేషం ఎలా కట్టాలో తెలుసు. ఎవరింటి ముందు ఏమనాలో పుస్తకం చెప్పలేదు.

కళోత్సవాలు జరిపే వాళ్లకు నాదొక విన్నపం. ఒక మేళాన్ని పిలిచి వేదిక ఇవ్వకండి, ఒక కాలనీ ఇవ్వండి, పది రోజులు బస ఇవ్వండి. మొదటి రెండు రోజులు వాళ్లు ఏ వేషమూ కట్టరు. నీళ్ల ట్యాంకరు దగ్గర, రేషను దుకాణం దగ్గర, అపార్ట్‌మెంటు సంఘం గొడవ జరిగే చోట నిలబడి వింటారు. మూడో రోజు నుంచి ఇంటింటికీ తిరుగుతారు. కార్పొరేటరుగారి ఇల్లు కూడా ఆ వరసలోనే ఉండాలి.