పులుల నిచ్చెనను కూల్చిన ఒక్క మాట

కారా, గుజా అన్నదమ్ములు. అడవిలో దుంపలు తవ్వుకుని బతికే మనుషులు. ఒకనాడు పులి చేతికి చిక్కబోయి, ఎలాగో తప్పించుకుని, దాని తోకనే ఊడబెరికారు. అవమానపడ్డ పులి తన జాతినంతా వెంటేసుకొచ్చింది. అన్నదమ్ములు చెట్టెక్కారు. పులులు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కుతూ నిచ్చెన కట్టాయి. అన్నిటికీ అడుగున నిలబడింది తోక లేని పులే. పై పులి పంజా అందబోయే వేళ కొమ్మ మీంచి ఒక కేక వినబడింది: ‘గొడ్డలి ఇటియ్యి, ముందు ఆ మొండితోక పులి పని పడతా!’ అడుగు పులి గుండె జారింది. ఒక్క గెంతు గెంతింది. నిచ్చెనంతా కుప్పకూలింది.

సంతాలు గిరిజనుల ఈ కథను ఆండ్రూ క్యాంప్‌బెల్ అనే మిషనరీ 1891లో అచ్చువేయించాడు. ఇలా ఒకదాని మీదొకటి ఎక్కే మృగాల కథ ఐరోపాలోనూ ఉంది. అక్కడ పులికి బదులు తోడేలు ఉంటుంది. సంతాలుల నోట మాత్రం దానికి గొడ్డలి పదునూ, అడవి వాసనా అబ్బాయి.

ఇంకో కథలో వేటగాళ్లు తరుముతున్న చిరుతను ఒక వర్తకుడు జాలిపడి గోనెసంచిలో దాస్తాడు. ఆపద గడిచాక అది అతణ్నే తింటానంటుంది. న్యాయం చెప్పమంటే చెట్టు కూడా మనిషి పక్షం పలకదు. మనిషి చెట్టుకు చేసిన మేలేముంది గనక! చివరికి నక్క వచ్చి, ‘ఇంత పెద్ద జంతువు అంత చిన్న సంచిలో పట్టిందా? నేన్నమ్మను, చూపించు’ అంటుంది. చిరుత మళ్లీ సంచిలో దూరుతుంది. సంచి మూతి బిగిసిపోతుంది. బోనులోంచి పులిని వదిలిన బాటసారి కథ విన్న తెలుగు పిల్లలకు ఇది దగ్గరి చుట్టమే.

ఈ కథల్లో గెలిచేవాడు రాజూ కాదు, వీరుడూ కాదు. దుంపలు తవ్వేవాడు, దారిన పోయే నక్క. ఎదుటివాడి బలమెంతో కాదు, బలహీనత ఎక్కడుందో కనిపెట్టడం వాళ్ల విద్య. ఆ విద్య సంతాలులకెందుకు పట్టుబడిందో చరిత్ర చెబుతుంది. రాజమహల్ కొండల దగ్గర దామిన్-ఇ-కోహ్ ప్రాంతానికి 1832లో కంపెనీ ప్రభుత్వం హద్దులు గీసింది. సంతాలులు అక్కడ అడవి నరికి పొలాలు చేశారు. మృగాల బెడద దాటి పంట తీస్తే వడ్డీ వ్యాపారులు, జమీందార్లు వచ్చిపడ్డారు. 1855లో సిద్ధూ, కన్హూల నాయకత్వంలో ‘హూల్’ తిరుగుబాటు లేచింది అందుకే. బలవంతుల మధ్య నిత్యం బతికిన జాతి తన పిల్లలకు ఇలాంటి కథలే చెప్పుకుంటుంది.

నార్వే నుంచి 1890లో వచ్చిన పాల్ ఒలాఫ్ బోడింగ్ వీటిని సంతాలీలోనే రాతలోకి తెచ్చాడు. ఆయన సేకరణ నుంచి ఐసీఎస్ అధికారి సి.హెచ్. బొంపాస్ 1909లో ఇంగ్లిషు సంపుటి తెచ్చాడు. 1925 నుంచి బోడింగ్ సొంత సంపుటాలు మూడు వెలువడ్డాయి. అయితే ఊళ్లలో కథలు విని రాసిపెట్టినవారిలో ముఖ్యుడు సాగ్రామ్ ముర్ము అనే సంతాలు. అట్ట మీద బోడింగ్ పేరుంటే, లోపలి కథల వెనుక ముర్ము శ్రమ ఉంది. ఆయన పేరు కూడా అంతే గౌరవంగా తలచుకోవాలి.

మనకూ ఇందులో బంధుత్వం ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోని సవర భాష, సంతాలీ ఒకే ముండా కుటుంబానివి. బోడింగ్ పుట్టింది 1865లో, సవరకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మన గిడుగు రామమూర్తి పుట్టింది 1863లో. ఇద్దరూ ఒకే కాలంలో, అక్కచెల్లెళ్లలాంటి భాషలకు జీవితాలు ధారపోశారు.

సంతాలీకి 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చోటు దక్కింది. సవరకు ఆ చోటు లేదు. మన్యంలో పనిచేసే ఉపాధ్యాయులారా, మీ బడి పిల్లల అవ్వాతాతల దగ్గర కూర్చోండి. వాళ్ల కథలను వాళ్ల భాషలోనే రాయించండి. ప్రతి కథ కిందా చెప్పినవారి పేరు తప్పక రాయండి.