మల్కోవాల్ సీసా - ఒక పాత ఆర్సీఏ కథ

2021 మార్చిలో అరవై దాటిన వాళ్ళకి టీకాలు మొదలుపెట్టగానే మా పెదనాన్నకి ఫోన్ చేశాను, కోవిన్ లో స్లాట్ నేను బుక్ చేస్తానని. "వద్దులేరా, పక్కూళ్ళో ఎవరో వేయించుకుని మూడోరోజు పోయాట్ట" అన్నారు. ఒక చెవిలో ఆఫీసు కాల్ నడుస్తోంది, ఇంకో చెవిలో ఆయన. "డిగ్రీ చదువుకున్న మీరే ఇలా అంటే ఎలా పెదనాన్నా, వాట్సాప్ లో వచ్చిందల్లా నమ్మేస్తారా" అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన మాట్లాడకుండా ఫోన్ పెద్దమ్మకి ఇచ్చేశారు. మే నెలలో, సెకండ్ వేవ్ లో, ఆయన పోయారు. టీకా వేయించుకునుంటే బతికేవారని గ్యారంటీగా నేను చెప్పలేను. ఆ ఫోన్ కాల్ మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ తర్వాత చాన్నాళ్ళకి ఆఫీసు క్యాంటీన్ లో మాస్కుల మీదా, లాక్ డౌన్ మీదా పాత గొడవ మళ్ళీ లేచింది. తెలంగాణలో మాస్కు లేకుంటే వెయ్యి రూపాయలు ఫైను వేశారు కదా 2020లో, అది న్యాయమా కాదా అని. మాటల్లో ఒకతను "అంతా బ్రిటిష్ వాడి చట్టమే బాసూ" అన్నాడు. నిజమే. దేశమంతటి లాక్ డౌన్ కి వాడింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం గానీ, 2020 మార్చిలో మన రెండు రాష్ట్రాలూ కోవిడ్ నిబంధనలు ఇచ్చింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కిందే. ఇంటికొచ్చి ఆ చట్టం తీసి చదివాను. పుట్టినప్పుడు దానికున్నవి మొత్తం నాలుగే నాలుగు సెక్షన్లు. ప్రభుత్వం ఏం కావాలంటే అది చెయ్యొచ్చు, మాట వినకపోతే శిక్ష, సదుద్దేశంతో చేసిన పనికి అధికారుల మీద దావా వెయ్యకూడదు. మన కంపెనీ లీవ్ పాలసీ ఇంతకంటే పెద్దగా ఉంటుంది :)

ఆ చట్టం ఎందుకొచ్చిందో చూద్దామని మొదలుపెడితే చివరికి పంజాబ్ లో ఒక పల్లెటూళ్ళో తేలాను. ఈ టపా ఆ ఊరి గురించే, కానీ ముందు బొంబాయి, పూనా చూసి వెళ్ళాలి.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వి ప్రాంతంలో ప్లేగు వచ్చిందని డాక్టర్ అకాసియో వీగస్ బయటపెట్టాడు. రోగుల్ని బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్ళడం మొదలైంది. ఆసుపత్రికి వెళ్ళినవాడు తిరిగి రావడం తక్కువ (వెళ్ళేటప్పటికే చావుకి దగ్గరగా ఉండేవాళ్ళు), దాంతో అక్కడే చంపేస్తున్నారని పుకారు. రాణీగారి విగ్రహానికి ఎవరో తారు పూశారు కాబట్టి ఆవిడకి కోపమొచ్చి మనుషుల కాలేయాలు తెమ్మందని ఇంకో పుకారు. అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. అప్పుడు ఫోన్లు లేవు, వాట్సాప్ లేదు, ఫార్వర్డ్ లు మాత్రం ఉన్నాయన్నమాట.

1897 ఫిబ్రవరి 4న చట్టం వచ్చింది. దాన్ని పూర్తిగా వాడి చూపించినవాడు పూనాలో ప్లేగు కమిటీకి పెద్దగా వచ్చిన ర్యాండ్ అనే ఐసీయస్ అధికారి. రోగుల్ని వెతకడానికి ఇళ్ళల్లోకి బ్రిటిష్ సోల్జర్లని పంపాడు. వంటిల్లు, పూజగది అని చూడలేదు, ఆడవాళ్ళని వీధుల్లో పరీక్ష చేశారు, సామాన్లు తగలబెట్టారు, రోగి ఇంట్లోవాళ్ళందర్నీ సెగ్రిగేషన్ క్యాంపులకి తోలారు. జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవాల విందు నుంచి వస్తున్న ర్యాండ్ ని చాపేకర్ సోదరులు కాల్చారు. జులై 3న చనిపోయాడు. తిలక్ మీద రాజద్రోహం కేసు, పద్దెనిమిది నెలల శిక్ష. ఇదంతా మనం స్కూలు పుస్తకాల్లో చదివిందే.

చదవనిది ఏంటంటే, తిలక్ రోగుల్ని విడిగా ఉంచడానికి వ్యతిరేకి కాదు. మొదట్లో జనాన్ని సహకరించమనే రాశాడు. పూనా వదిలి పారిపోయిన పెద్దమనుషుల్ని తిట్టాడు, తను ఊళ్ళోనే ఉండి హిందువులకి ప్లేగు ఆసుపత్రి నడిపాడు. ఆయన గొడవ అంతా ఆ పని చేసే పద్ధతి మీద. గోఖలే సంగతి ఇంకో రకం. లండన్ లో ఉండగా పూనా నుంచి వచ్చిన ఉత్తరాలు చూసి, సోల్జర్లు ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేశారని అక్కడి పత్రికకి చెప్పేశాడు. తిరిగొచ్చాక రుజువు చెయ్యడానికి ఎవరూ ముందుకి రాలేదు, ఆయన బేషరతుగా క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. అంతటి గోఖలే కూడా వెరిఫై చెయ్యకుండా ఫార్వర్డ్ చేశాడు. అలాగని ఆ అఘాయిత్యం జరగలేదని తేలిందనీ కాదు, సాక్ష్యం చెప్పడానికి ఏ ఇంటివాళ్ళు బయటికొస్తారు ఆ రోజుల్లో?

ఇంత రభస చేసి వాళ్ళు వెతికింది మనుషుల్ని. ప్లేగుని మోసేది ఎలకలూ, వాటి మీది గోమార్లూ. పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలో ఆ సంగతి ప్రయోగం చేసి చూపిస్తే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అంటే పూనాలో కార్బాలిక్ యాసిడ్ కొట్టి, ఇళ్ళ కప్పులు పీకి, డీబగ్ చేసింది వేరే మాడ్యూల్ ని. నవ్వడానికి లేదు లెండి, 2020లో మనం పాల పాకెట్లు సబ్బుతో కడిగాం, గాల్లో వ్యాపించే రోగానికి రోడ్లమీద బ్లీచింగ్ చల్లించాం.

ఇక టీకా. వాల్డెమార్ హాఫ్కిన్ ఒడెస్సాలో పుట్టిన యూదుడు, పారిస్ లో పాస్తర్ ఇన్స్టిట్యూట్ లో పనిచేసినవాడు. డాక్టరు కాదు, జీవశాస్త్రవేత్త, ఈ విషయం ముందు ముందు పనికొస్తుంది. 1893లో కలరా టీకా పట్టుకుని కలకత్తా వచ్చాడు. ప్లేగు రాగానే బొంబాయిలో గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వసారా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు ఇచ్చారు. మూడు నెలల్లో టీకా చేశాడు. మాంసపు రసం మీద నెయ్యి చుక్కలు వేసి, వాటిని పట్టుకుని కిందికి వేలాడేట్టు బాక్టీరియాని పెంచి, వేడి చేసి చంపి, కాస్త కార్బాలిక్ యాసిడ్ కలపడం. 1897 జనవరి 10న మొదటి డోసు తనే వేసుకున్నాడు, తర్వాత జనానికి ఇచ్చినదానికంటే ఎక్కువే. ఆ నెలాఖర్లో బైకుల్లా జైల్లో ప్లేగు వస్తే, ఒప్పుకున్న ఖైదీలకి వేశారు. వేయించుకోని సగంలో పన్నెండుమందికి జబ్బొచ్చి ఆరుగురు పోయారు, వేయించుకున్న సగంలో ఇద్దరికి వచ్చింది, ఎవరూ పోలేదు.

గొప్ప టీకా అనలేం. నూటికి నూరుపాళ్ళు ఆపదు, కొన్ని నెలలకి బలం తగ్గిపోతుంది, జ్వరమూ నెప్పీ బాగా వస్తాయి. కూలివాడికి జ్వరమంటే రెండ్రోజుల కూలి పోవడమే. అయినా బలవంతం లేనిచోట జనం ముందుకొచ్చారు. పందొమ్మిదేళ్ళ ఆగా ఖాన్ తన జమాత్ ముందు పదే పదే సూది పొడిపించుకుని చూపించాడు, హాఫ్కిన్ లాబ్ కి తన బంగళా ఇచ్చాడు.

ఇప్పుడు మల్కోవాల్ కి వద్దాం. 1902లో పంజాబ్ ప్రభుత్వం భారీ ఎత్తున టీకాలు మొదలుపెట్టింది. అక్టోబరు 30న మల్కోవాల్ అనే ఊళ్ళో (ఇప్పుడు పాకిస్తాన్ లో ఉంది) 107 మందికి వేశారు. వాళ్ళలో 53-ఎన్ అనే నంబరున్న సీసాలోంచి వేసింది 19 మందికి. వారం తిరిగేసరికి ఆ 19 మందికీ ధనుర్వాతం వచ్చింది. 19 మందీ చనిపోయారు. మిగతా 88 మందికి ఏమీ కాలేదు.

ప్రొడక్షన్ లో ఏదన్నా కూలిపోతే మనం మొదట అడిగే ప్రశ్న "ఈమధ్య ఏం మార్చారు?" అని. ప్రభుత్వం వేసిన కమిషన్ కూడా అదే అడిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ దానికి అధ్యక్షుడు. మార్పు దొరికింది. ఉత్పత్తి పెంచడం కోసం హాఫ్కిన్ కార్బాలిక్ యాసిడ్ కలపడం మానేసి, వేడితోనే శుద్ధి చేసే పద్ధతికి మారాడు. ఇంకేం కావాలి? సీసా బొంబాయి లాబ్ లోనే చెడిపోయిందని తేల్చారు. హాఫ్కిన్ డైరెక్టర్ పదవి పోయింది. అసలే రష్యన్, యూదుడు, పైగా డాక్టరు కాదు. దీన్ని తర్వాత చిన్న డ్రైఫస్ కేసు అన్నారు.

కానీ లాగ్స్ లో ఇంకో ఎంట్రీ ఉంది. ఆ రోజు మల్కోవాల్ లో సీసా తెరిచేముందు అసిస్టెంటు చేతిలోంచి ఫోర్సెప్స్ నేల మీద పడింది. దాన్ని కార్బాలిక్ నీళ్ళలో ఒకసారి ముంచి తీసి, దాంతోనే బిరడా లాగాడు. ధనుర్వాతం క్రిములుండేది మట్టిలో, వాటి బీజాలు అలా ముంచితే చావవు. పైగా ఆ సీసా నింపి 41 రోజులైంది. అన్నాళ్ళు ధనుర్వాతం క్రిములు అందులో పెరిగుంటే భరించలేని కంపు కొట్టాలి, తెరిచిన డాక్టరు వాసన చూస్తే మామూలుగానే ఉంది. అంత విషం తయారైన మందు ఎక్కిస్తే లక్షణాలకి వారం పట్టదు కూడా. ఇవన్నీ మొదట్నుంచీ ఉన్న ఆధారాలే. లండన్ లోని లిస్టర్ ఇన్స్టిట్యూట్ కాగితాలన్నీ చూసి, తప్పు ఆ ఊళ్ళో సీసా తెరిచినప్పుడే జరిగుంటుందని మొగ్గింది.

ఈ సంగతి పట్టుకుని పోరాడినవాడు మనకి బాగా తెలిసినవాడే, రొనాల్డ్ రాస్. పూనాలో ర్యాండ్ ని కాల్చిన రెండు నెలలకి, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్ లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టినవాడు. బేగంపేట పాత ఎయిర్ పోర్ట్ దగ్గర ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, హైటెక్ సిటీకి వెళ్ళే దారిలో మనలో చాలామంది దాన్ని దాటేసే ఉంటారు. 1907 జులై 29న రాస్ తో పాటు పదిమంది శాస్త్రవేత్తలు టైమ్స్ పత్రికలో హాఫ్కిన్ నిర్దోషి అని ఉత్తరం రాశారు. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం దిగొచ్చింది. హాఫ్కిన్ కలకత్తాకి తిరిగొచ్చాడు, కానీ టీకా తయారీ మాత్రం చేతికివ్వలేదు. పరిశోధనలు చేసుకుంటూ 1914లో రిటైరై వెళ్ళిపోయాడు. బొంబాయి లాబ్ కి ఆయన పేరు పెట్టింది 1925లో.

నాకు కోపం తెప్పించేది ఆ ఐదేళ్ళు. ఏం జరిగిందో ఊళ్ళోవాళ్ళకి వెంటనే, విడమరిచి, "మా మనిషి చేతిలోంచి పనిముట్టు జారింది, ఇకమీదట ఇలా జాగ్రత్త పడతాం" అని చెప్పినవాడు లేడు. ఎవర్ని తీసేయాలన్న దాని మీదే ఫైళ్ళు తిరిగాయి. పంజాబ్ టీకా కార్యక్రమం చతికిలపడింది. హాఫ్కిన్ కి న్యాయం జరిగిన 1907 ఒక్క సంవత్సరంలోనే దేశంలో పది లక్షలమందికి పైగా ప్లేగుతో పోయారు, పెద్ద వాటా పంజాబ్ దే. అదంతా ఆ ఒక్క సీసా వల్లేనని అనను. కానీ 1903లో మల్కోవాల్ పక్కూళ్ళో ఒక రైతు "వద్దులే, అక్కడ వేయించుకుని పోయారట" అనుంటే, అతను చెప్పింది పుకారు కాదు. పందొమ్మిదిమంది నిజంగానే పోయారు. అతన్ని మూర్ఖుడని ఏ మొహం పెట్టుకుని అంటాం?

మా పెదనాన్న చెప్పిన పక్కూరి మనిషి ఎవరో, నిజంగా ఎందుకు పోయాడో నేనా రోజు అడగలేదు. అడగాలని తట్టలేదు.

పెద్దమ్మ ఆ జూన్ లో టీకా వేయించుకుంది. నేను చెప్తే కాదు. ఊరి ఏఎన్ఎం ఇంటికొచ్చి, అరుగు మీద గంటసేపు కూర్చుని, "నేనూ వేయించుకున్నానమ్మా, రెండ్రోజులు జ్వరం కాసింది, మీకూ రావచ్చు, మాత్రలిచ్చి వెళ్తా, పొద్దున్నే మళ్ళీ వచ్చి చూస్తా" అందట. రెండ్రోజులు జ్వరం వచ్చిందట. ఆవిడ రెండు పొద్దులూ వచ్చి చూసి వెళ్ళిందట.