గుణదల కొండకు లూర్దు గుహ ఎలా వచ్చింది

బిలాస్‌పూర్‌లో బయల్దేరిన తిరుపతి ఎక్స్‌ప్రెస్ కాసేపటికే చకర్‌భాటా దాటుతుంది. రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం చేరి, విశాఖ, రాజమండ్రి, ఏలూరు దాటుకుంటూ విజయవాడకు వస్తుంది. ఊళ్లోకి అడుగుపెట్టే ముందు ఒక చిన్న స్టేషన్ తగులుతుంది. అదే గుణదల. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కొలువుల కోసం వెళ్లి బిలాస్‌పూర్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతగడ్డ మీదికి వచ్చే దారుల్లో ఇదొకటి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదలలో జనం లక్షల్లో ఉంటారు. ఆ మూడు రోజులూ మరియమాత తిరునాళ్లు.

కొండ ఇంకా దూరాన ఉండగానే తిరునాళ్లు చెవికి అందుతాయి. మైకులో జపమాల ప్రార్థన, దాని మీదుగా పిల్లల బూరలు, తప్పిపోయినవాళ్ల కోసం ప్రకటనలు. దగ్గరికి వచ్చేసరికి కరుగుతున్న మైనం వాసన, అగరొత్తుల పొగ, నలిగిన బంతిపూల వాసన కలిసి ముక్కుపుటాలకు తగులుతాయి. మెట్ల దగ్గర చెప్పులు విడిచినవాళ్ల అరికాళ్లకు ఎండకు కాగిన రాయి చురుక్కుమంటుంది. వీటిలో కొన్ని ఫ్రాన్సు నుంచి వచ్చాయి, కొన్ని రోము అనుమతితో వచ్చాయి, మరికొన్ని ఎవరి అనుమతీ లేకుండా తెలుగు పల్లెల నుంచి నడిచి వచ్చాయి.

మొదటి అంకం 1858 ఫిబ్రవరి 11. ఫ్రాన్సులో పిరనీస్ పర్వతాల కింద ఉన్న లూర్దు అనే ఊళ్లో పద్నాలుగేళ్ల పేదపిల్ల బెర్నదెత్ సుబిరూ, చెల్లెలితో, మరో స్నేహితురాలితో కలిసి వంటచెరకు ఏరడానికి వెళ్లింది. చలికాలపు నీళ్లలో దిగడానికి మేజోళ్లు విప్పుతుంటే గాలి హోరున వీచిన చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే చెట్ల ఆకు కదలడం లేదు. ఆ తరువాతే మసాబియెల్ గుహలో తెల్లని వస్త్రాల్లో ఒక స్త్రీమూర్తి తనకు కనిపించిందని ఆమె చెప్పింది. జులై 16 దాకా అలా మొత్తం 18 సార్లు దర్శనమైందని ఆమె సాక్ష్యం. ఫిబ్రవరి 25న ఆమె చేత్తో నేల గోకి, ఊరిన బురదనీళ్లు తాగింది. లూర్దులో ఇప్పటికీ పారుతున్న ఊట అదే. ఆ మూర్తి తనతో మాట్లాడింది పారిస్ ఫ్రెంచిలో కాదని, తన ఊరి మాటలోనేనని కూడా బెర్నదెత్ చెప్పింది.

నాలుగేళ్ల విచారణ తరువాత 1862 జనవరి 18న తార్బ్ పీఠాధిపతి లోరాన్స్ ఆ దర్శనాలు నమ్మదగినవేనని ప్రకటించారు. 1907లో పదో పయస్ పాపు ఫిబ్రవరి 11న జరిగే లూర్దుమాత పండుగను ప్రపంచమంతటా ఉన్న కతోలిక శ్రీసభకు విస్తరింపజేశారు. గుణదల తిరునాళ్లు ఆ తేదీకి రావడానికి కారణం ఇదే.

తేదీ వచ్చింది సరే, అది కృష్ణాతీరానికి ఎలా చేరింది? 1850లో ఇటలీలోని మిలాన్‌లో విదేశీ వేదప్రచారం కోసం ఒక గురువిద్యాలయం మొదలైంది. అక్కడి గురువులు 1855లో తెలుగునేలకు వచ్చారు. ఆ పరంపరలో వచ్చిన ఫాదర్ ఆర్లాతి గుణదలలోని సెయింట్ జోసెఫ్ అనాథశరణాలయానికి రెక్టరుగా ఉంటూ, 1924లో అక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. రాతికొండ, దాని ఒడిలో గుహ, గుహలో తల్లి. లూర్దు గురించి విన్న ఏ గురువుకైనా ఆ కొండను చూడగానే ఆ ఊహ రావడం సహజమే. అనాథపిల్లల ఆవరణలో మొదలైన ఆ భక్తి చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. 1933లో బెజవాడ ప్రత్యేక మిషన్‌గా ఏర్పడింది, 1937లో మేత్రాసనం, అంటే ఒక పీఠాధిపతి పాలనలోని ప్రాంతం, అయింది. ఇప్పుడున్న దేవాలయాన్ని అభిషేకించింది 1971లో.

భక్తులు కళ్లారా చూసే ఆ రూపానికీ ఒక పుట్టుక ఉంది. తెల్లని అంగీ, నీలిరంగు నడికట్టు, జోడించిన చేతులు, మోచేతికి వేలాడే జపమాల, రెండు పాదాల మీద బంగారు గులాబీలు: బెర్నదెత్ ఇచ్చిన వివరాలివి. వాటిని విని లియోన్ శిల్పి ఫబీష్ కరారా పాలరాతిలో చెక్కిన విగ్రహాన్ని 1864లో లూర్దు గుహలో నిలిపారు. పూర్తయిన శిల్పం తాను చూసిన రూపంలా లేదని బెర్నదెత్ నొచ్చుకుంది. అయినా లోకమంతా పాకింది ఆ నమూనాయే. ఈనాడు తెలుగు ఇళ్లలో గోడమీది క్యాలెండర్లలో ఉన్న లూర్దుమాతదీ ఆ పోలికే.

చెవికి అందేదాని చరిత్ర ఇంకా దగ్గరిది. గుణదలలో స్వరూపం నిలిపిన నాటి నుంచి నాలుగు దశాబ్దాలపాటు బలిపూజ సాగింది లాటిన్‌లో. పాటలూ జపమాలా తెలుగులో ఉన్నా, పీఠం దగ్గర గురువు పలికే మాటలు పొలం పనులు మానుకుని వచ్చిన భక్తుడికి అర్థమయ్యేవి కావు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన శాసనం ప్రజల భాషలకు తలుపు తీసింది. ఇవాళ తిరునాళ్ల సమష్టి దివ్యబలిపూజలో పీఠాధిపతి తెలుగులో ప్రార్థిస్తే జనం తెలుగులోనే జవాబిస్తారు. ఒక పల్లెటూరి పిల్లకు ఆమె ఊరి మాటలోనే దక్కిన పిలుపు, వందేళ్లు దాటాక ఇక్కడి పల్లెలకు వాళ్ల మాటలో దక్కింది.

ముక్కుకు తగిలేదానికి వద్దాం. కొవ్వొత్తి లూర్దు నుంచి వచ్చిందే. దర్శన సమయాల్లో బెర్నదెత్ చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి ఉండేది. 1858 ఏప్రిల్ 7న ఆ మంట ఆమె వేళ్లను తాకుతున్నా చేయి కాలలేదని అక్కడే ఉన్న వైద్యుడు దోజూ సాక్ష్యమిచ్చారు. అగరొత్తులదీ హారతిదీ వేరే దారి. చెప్పులు విడిచి ఆరాధనకు రావడం, పంచాంగ ప్రణామం, హారతి, నూనెదీపం, అగరొత్తులు వంటి పన్నెండు అంశాలకు 1969 ఏప్రిల్‌లో రోము ఆమోదం తెలిపింది. భారతీయ రీతిలో ఆరాధన జరగాలని పాటుపడిన ఫాదర్ అమలోర్పవదాస్ వంటివారి కృషి దాని వెనుక ఉంది. దానివల్ల, ఇంట్లో దేవుడి ముందు చేసే పనిని తెలుగు క్రైస్తవుడు గుడిలోనూ చేయగలిగాడు.

తలనీలాల సంగతి వేరు. వాటికి ఏ సభా తీర్మానం చేయలేదు, ఏ లేఖా అనుమతి ఇవ్వలేదు. జ్వరం తగ్గితే, బిడ్డ పుడితే, అప్పు తీరితే గుండు చేయించుకుంటానని మొక్కుకోవడం తెలుగువాళ్ల రక్తంలో ఉన్నది. తిరుమలకూ వేములవాడకూ వెళ్లే ఆ మొక్కే గుణదలకూ వేళాంకణికీ వచ్చింది. మంగలి చెంబెడు నీళ్లు తలమీద పోసి, వేళ్లతో తడిపి, కత్తిని నుదుటి నుంచి వెనక్కి లాగుతాడు. తల్లి ఒడిలో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటాడు. గుండుకు గంధం పూయగానే చల్లదనానికి ఏడుపు ఆపి తలమీద చేయి పెట్టి చూసుకుంటాడు. ఆ తరువాత కొబ్బరికాయ, కొవ్వొత్తులు పట్టుకుని కుటుంబమంతా మెట్లెక్కుతుంది. ఆ వరుసలో బొట్టు పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ ఆమె మరియమ్మ తల్లే.

ఇక నాలుక వంతు. పగిలిన కొబ్బరికాయ చిప్పలో సగం ఇంటికి వెళుతుంది, సగం మెట్ల మీదే పిల్లల పళ్ల కింద నలుగుతుంది. కిందికి దిగితే కొట్ల బారు. జీళ్లు, ఖర్జూరం, మరమరాలు, నూనెలో పొంగుతున్న మిరపకాయ బజ్జీలు. ఏ ఊరి తిరునాళ్లకైనా రుచి ఇదే. లూర్దు నుంచి వచ్చిన పండుగ తెలుగు పండుగైపోయిందనడానికి ఈ కొట్ల కన్నా వేరే రుజువు అక్కర్లేదు.

మూడో రోజు, ఫిబ్రవరి 11కు మరో బరువుంది. 1992లో రెండో జాన్ పాల్ పాపు ఆ తేదీని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నెలకొల్పారు. 1993 నుంచి లోకమంతటా అది జరుగుతోంది. గుణదలకు మాత్రం జబ్బుపడినవాళ్లను తీసుకురావడం అంతకు చాలా ముందు నుంచే ఉంది. నడవలేని వాళ్లను కొడుకులు చేతుల మీద ఎత్తుకుని తెస్తారు. మెట్లెక్కలేనివాళ్లు కొండ కింద నేలమీదే కూర్చుని జపమాల చెప్పుకుంటారు, వాళ్ల పేరున కొవ్వొత్తి వెలిగించడానికి మనవలో మనవరాళ్లో పైకి వెళతారు.