పై మెట్టు లేని నిచ్చెన

స్కీ జంపింగ్ అంటే మనవాళ్ళలో చాలామందికి పెద్దగా పరిచయం ఉండదు. టీవీలో చానెళ్ళు తిప్పుతూంటే ఎప్పుడో కనపడే ఉంటుంది. కాళ్ళకి రెండు పొడుగాటి స్కీలు కట్టుకున్న మనిషి ఏటవాలు దారిలో గంటకి తొంభై కిలోమీటర్ల వేగంతో జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర ఎగిరి, వంద మీటర్ల అవతల మంచులో దిగుతాడు. "వీడికేం పోయేకాలం!" అనుకుని మనం మళ్ళీ క్రికెట్‌కి వెళ్ళిపోతాం. యూటా రాకముందు నేనూ అంతే. ఇక్కడ సాల్ట్ లేక్ సిటీ దాటి కొండల్లోకి వెళితే పార్క్ సిటీ దగ్గర 2002 ఒలింపిక్స్ నాటి జంపింగ్ కొండలున్నాయి. వేసవిలో కూడా ప్లాస్టిక్ పరిచిన వాలు మీద నీళ్ళు చల్లి దూకుతూనే ఉంటారు. ఓ శనివారం చుట్టాలని తీసుకెళ్ళి చూపించాక ఈ ఆట చరిత్ర మీద ఆసక్తి పుట్టి, దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. అందులో నన్ను బాగా పట్టుకున్నది పెద్ద పోటీల కథ కాదు, రెండో శ్రేణి పోటీల కథ.

అర్థం కావడానికి ముందు కాస్త లెక్క చెప్పాలి. మగవాళ్ళకి ఈ ఆటలో ప్రపంచ కప్ 1979-80 శీతాకాలం నించీ ఉంది. దాని కింద మెట్టు కాంటినెంటల్ కప్. మన భాషలో చెప్పాలంటే ప్రపంచ కప్ టెస్ట్ మ్యాచ్ అయితే, ఇది రంజీ ట్రోఫీ. గెలిచినవాడికి 100 పాయింట్లు, రెండోవాడికి 80, మూడోవాడికి 60, అలా తగ్గుతూ ముప్ఫయ్యో స్థానం దాకా ఇస్తారు. అక్కడ బాగా ఆడితే పైకి వెళ్ళొచ్చు. పైన ఫామ్ పోగొట్టుకున్నవాళ్ళు కిందకొచ్చి మళ్ళీ కాళ్ళు సరిచేసుకుంటారు. నిచ్చెన అన్నాక పైకీ కిందకీ దారి ఉండాలి కదా.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. వాళ్ళ కాంటినెంటల్ కప్ 2004లో మొదలైంది. మొదటి పోటీ జరిగింది ఇక్కడే, ఈ పార్క్ సిటీలోనే. పేరుకి అది రెండో శ్రేణి. కానీ దాని పైన మొదటి శ్రేణి లేదు! ఆడవాళ్ళకి ప్రపంచ కప్ లేదు, ప్రపంచ ఛాంపియన్‌షిప్ లేదు, ఒలింపిక్స్ అసలే లేదు. టెస్ట్ మ్యాచ్‌లు లేని దేశంలో రంజీ ఆడుతున్నట్టు ఉండేది వాళ్ళ పరిస్థితి. నార్వే అమ్మాయి ఆనెట్ సాగెన్ ఈ కప్పుని వరసగా ఐదు సీజన్లు గెలిచింది. అంటే అప్పట్లో ప్రపంచంలోకెల్లా మేటి జంపర్ ఆవిడే. అయినా రికార్డు పుస్తకాల్లో అవన్నీ "రెండో శ్రేణి" విజయాలే.

పోనీ ఆడవాళ్ళు ఈ ఆటకి కొత్తవాళ్ళా అంటే అదీ కాదు. 1911లో ఆస్ట్రియాకి చెందిన పౌలా లాంబెర్గ్ అనే జమీందారిణి లంగా కట్టుకునే 22 మీటర్లు దూకింది. 1976లో నార్వేకి చెందిన అనీటా వోల్డ్ జపాన్‌లోని సప్పోరోలో 97.5 మీటర్లు, 2003లో ఆస్ట్రియా అమ్మాయి డానియెలా ఇరాష్కో కుల్మ్‌లో 200 మీటర్లు దూకారు. మగవాళ్ళ జంపింగ్ మాత్రం 1924లో జరిగిన మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్ నించీ ఉంది. 2005లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పర్, వైద్యపరంగా చూస్తే ఈ ఆట ఆడవాళ్ళకి తగదేమో అన్న ధోరణిలో మాట్లాడాడు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న సమాఖ్యే అంతకు ముందు ఏడాది వాళ్ళకి కాంటినెంటల్ కప్ పెట్టింది మరి!

2006 నవంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ జంపింగ్ ఉండదని తేల్చేసింది. ఆడే దేశాలు తక్కువ, ఆడే మనుషులు తక్కువ, ఇంకా ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక్కటీ జరగలేదు అన్నవి కారణాలు. ఒలింపిక్స్‌లో లేని ఆటకి ఏ దేశం డబ్బు పెడుతుంది? డబ్బు లేకపోతే కోచ్‌లు, కొండలు, పిల్లలు ఎక్కణ్ణించి వస్తారు? పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. అనుభవం లేదని ఉద్యోగం ఇవ్వనివాళ్ళని చూసిన మనలాంటి కన్సల్టెంట్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎమ్మెస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో దీన్నే డెడ్‌లాక్ అని చెప్పారు. ఎవరో ఒకరు చేతిలో పట్టుకున్నది వదలకపోతే కథ ముందుకి నడవదు.

ఆడవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2009 జూలైలో బ్రిటిష్ కొలంబియా సుప్రీం కోర్టు న్యాయమూర్తి లారీ ఆన్ ఫెన్లన్ తీర్పు విచిత్రంగా ఉంటుంది. వాళ్ళకి వివక్ష జరుగుతున్న మాట నిజమే, కానీ ఏ పోటీలు ఉండాలో నిర్ణయించేది ఒలింపిక్ కమిటీ, దాన్ని వాంకూవర్ నిర్వాహకులు మార్చలేరు కాబట్టి కెనడా చట్టం ఇక్కడ పనికిరాదు అని సారాంశం. అప్పీళ్ళూ ఓడిపోయాయి. విచారణ నడిచేనాటికి అదే ఒలింపిక్స్ కోసం విస్లర్‌లో కట్టిన చిన్న కొండ మీద రికార్డు పార్క్ సిటీ అమ్మాయి లిండ్సే వాన్‌ది, 105.5 మీటర్లు. ఆడవాళ్ళ రికార్డు కాదండోయ్, ఆడా మగా అందరిలోకీ.

అయితే తాళం ఇంకోవైపు నించి వదులవుతూ వచ్చింది. 2009లో చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్‌లో ఆడవాళ్ళకి తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. గెలిచింది లిండ్సే వానే. రెండోది 2011లో ఆస్లోలో, గెలిచింది ఇరాష్కో. ఆ ఏప్రిల్‌లో ఒలింపిక్ కమిటీ 2014 సోచి ఒలింపిక్స్‌కి ఒప్పుకుంది. ఆ డిసెంబరులో లిల్లెహామర్‌లో ఆడవాళ్ళ ప్రపంచ కప్ మొదలైంది, తొలి పోటీ మళ్ళీ పార్క్ సిటీ పిల్ల సారా హెండ్రిక్సన్ గెలిచింది. ఆ రోజు నించే ఆడవాళ్ళ కాంటినెంటల్ కప్ నిజంగా రెండో మెట్టు అయింది. వినడానికి హోదా తగ్గినట్టుంటుంది గానీ, నా దృష్టిలో దానికి అంతకన్నా గౌరవం లేదు. పైన ఏమీ లేనప్పుడు ఏడు శీతాకాలాలపాటు ఆటని బతికించింది అదే. "మీ ఆటగాళ్ళెక్కడ?" అని అడిగినవాళ్ళకి చూపించడానికి ఉన్న ఫలితాల పట్టిక కూడా అదే.

సోచిలో స్వర్ణం జర్మనీకి చెందిన కరీనా ఫోగ్ట్‌కి వచ్చింది. ఇరాష్కో రజతం తీసుకుంది. లిండ్సే వాన్ 29 ఏళ్ళ వయసులో పదిహేనో స్థానంలో నిలిచింది. ఆవిడ మంచి రోజులు చాలావరకు ఆ పై మెట్టు కోసం ఎదురుచూడడంలోనే గడిచిపోయాయి. ఆ సంవత్సరాలు ఏ తీర్పూ తిరిగివ్వలేదు.

ఆ తర్వాత దారి వేగంగా తెరుచుకుంది. 2023లో వికెర్‌సున్‌లోని రాక్షస కొండ మీద ఆడవాళ్ళు మొదటిసారి పోటీపడ్డారు. 2025లో స్లొవేనియా అమ్మాయి నీకా ప్రెవ్‌త్స్ అక్కడే 236 మీటర్లు దూకింది. వైద్యపరమైన సందేహాలు ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

ఇంతటితో కథ సుఖాంతం అందామంటే, జంపింగ్, స్కీ పరుగు కలిపి ఆడే నార్డిక్ కంబైన్డ్ అని దీని అక్కలాంటి ఆట ఒకటుంది. అందులో ఆడవాళ్ళకి కాంటినెంటల్ కప్ 2017-18 సీజన్‌లో, ప్రపంచ కప్ 2020లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2021లో వచ్చాయి. అయినా 2022లో ఒలింపిక్ కమిటీ 2026 మిలానో కోర్టినాకి వాళ్ళని వద్దంది. చెప్పిన కారణం, ఆడే దేశాలు తక్కువట. 2006లో విన్న మాటే. అలా 2026లో ఆడవాళ్ళు లేని ఒకే ఒక్క శీతాకాల ఒలింపిక్ క్రీడ అది అయింది. ఈసారి వాళ్ళకి కింద మెట్లన్నీ ఉన్నాయి, పైదే లేదు.