కోట రాసిచ్చిన తర్వాత

2020 మార్చి 3. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయనగరం రాజుల ట్రస్టు మీద ఒకటి వెనక ఒకటిగా ఉత్తర్వులు జారీ చేసింది. మాన్సాస్ అనే ఆ ట్రస్టు ఛైర్మన్ కుర్చీలో ఇక అశోక్ గజపతిరాజు ఉండరు. ఆయన అన్న కూతురు సంచయిత కూర్చుంటారు. సింహాచలం అప్పన్న దేవస్థానం బాధ్యత కూడా ఆమెదే. బాబాయి నాలుగు దశాబ్దాలుగా విజయనగరం రాజకీయాల్లో మునిగి తేలిన మనిషి. అమ్మాయి ఢిల్లీలో మంచినీటి సమస్య మీద స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న మనిషి. ఆయన తెలుగుదేశం, ఆమె బీజేపీ, ఉత్తర్వులిచ్చిన ప్రభుత్వం వైఎస్సార్‌సీపీది. మూడు రంగుల జెండాలు ఒక ఇంటి గుమ్మంలో ఎగిరాయి.

ఇంతకీ ఆ కుర్చీ విలువెంత? పద్నాలుగు వేల ఎకరాల పైచిలుకు భూములు, వందకు పైగా ఆలయాలు, కాలేజీలు, వాటిలో జీతాలు తీసుకునే వందలమంది. 1958లో పి.వి.జి.రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట ఈ ట్రస్టు పెట్టారు. రాజా అయివుండి సోషలిస్టు. ఊరి నడుమ, 1713లో కట్టడం మొదలైన కోటనే చదువుల కోసం ఇచ్చేశారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. మిగతా జమీందార్లు సీలింగు చట్టాల నుంచి భూములు ఎలా కాపాడుకోవాలా అని వకీళ్ల చుట్టూ తిరిగిన రోజులవి. ఈయన నివాసమున్న కోటలో బెంచీలు వేయించారు.

అంత ఉదారంగా ఇచ్చిన మనిషి, అధికారం విషయంలో మాత్రం తాతముత్తాతల పద్ధతే రాసుకున్నారు. వంశంలో పెద్ద మగ వారసుడు ఛైర్మన్. ఆ రోజు అది ఎవరికీ వింతగా తోచి ఉండదు. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ కళ్లెదుటే ఉన్నారు.

1995లో పి.వి.జి.రాజు పోయారు. పెద్ద కొడుకు ఆనంద గజపతిరాజు పగ్గాలు పట్టారు. తండ్రి పేరిట ఇంజనీరింగ్ కాలేజీ 1997లో మొదలైంది. అప్పటికే ఆనంద గజపతి కాపురం విడిపోయింది, ఒకప్పుడు విశాఖ ఎంపీగా గెలిచిన ఉమా గజపతిరాజు ఢిల్లీ వెళ్లి అక్కడ కొత్త జీవితం మొదలుపెట్టారు, కూతురూ అక్కడే. 2016 మార్చిలో ఆనంద గజపతి కన్నుమూసినప్పుడు ఆయనకు కొడుకులు లేరు. దస్తావేజు ప్రకారం కుర్చీ తమ్ముడికి వచ్చింది. తమ్ముడు అప్పుడు కేంద్ర విమానయాన మంత్రి, అంటే ఆయన రోజులూ ఢిల్లీలోనే. ట్రస్టు విజయనగరంలో, ట్రస్టు పెద్దా ట్రస్టు వారసురాలూ ఒకే నగరంలో, మధ్య మాటల్లేవు! కుటుంబాలు దూరమయ్యేది మైళ్ల వల్ల అనుకుంటాం గాని, నాకైతే నమ్మకం లేదు.

ఉత్తర్వుల మీద అశోక్ హైకోర్టుకు వెళ్లారు. ఆడపిల్ల అన్న కారణంతో తనను పక్కన పెట్టడమేమిటని సంచయిత పక్షం. వ్యవస్థాపకుడు రాసిన మాటను ప్రభుత్వం ఎలా దాటుతుందని బాబాయి పక్షం. రెండు ప్రశ్నలూ తీసిపారేయదగ్గవి కావు. 2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసి అశోక్‌ను తిరిగి ఛైర్మన్‌గా కూర్చోబెట్టింది. ఆ మరుసటి నెలలోనే జీతాలందని ఉద్యోగులు ఆందోళనకు దిగారు. పెద్దల పేచీలో నెల తిరిగేసరికి ఇంటద్దె కట్టుకోవాల్సిన వాళ్ల సంగతి ఎవరూ తలుచుకోరు.

తర్వాతి తరం సంగతేమిటి? అశోక్ కూతురు అదితి 2024లో విజయనగరం ఎమ్మెల్యేగా గెలిచారు. ఓటర్లు అడ్డుచెప్పలేదు. దస్తావేజులో ‘మగ వారసుడు’ మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ తమిళనాడు సామల్పట్టిలో కూర్చుని విజయనగరం గొడవ ఎందుకంటారా? ఊత్తంగరై వైపు, కృష్ణగిరి వైపు మన తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఇదే ముచ్చట. నాన్న పేరిట బడికి నాలుగు గదులు, తాత పేరిట అన్నదానం. ఒకడు హోసూరు ఫ్యాక్టరీలో, ఒకడు బెంగళూరులో, అక్క అమెరికాలో, బావ దుబాయ్‌లో. ఫోన్లో మాటలు ఇలా సాగుతాయి.

“ఒరే, నాన్న పేరిట పెట్టే ట్రస్టుకి నేను పంపేది పరాయి డబ్బెలా అవుతుందిరా?”

“నువ్వు అమెరికా పౌరసత్వం తీసుకున్నావు కదక్కా. బావది ఇంకా మన పాస్‌పోర్టే. ఆయన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే పేచీ లేదు. నీదైతే విదేశీ విరాళమే.”

తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేకుండా అక్క రూపాయి కూడా ట్రస్టులో పడకూడదు. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే మామూలుగా సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు సేవకు ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. సామల్పట్టి బడి గదికి సిమెంటు డబ్బు ఢిల్లీ చుట్టి రావాలన్నమాట. దీన్ని తప్పించుకోవడానికి అక్క తమ్ముడి సొంత ఖాతాకు పంపడం, తమ్ముడు తన పేరిట ట్రస్టుకు ఇవ్వడం కొన్ని ఇళ్లలో తెలివి అనిపించుకుంటోంది. అది తెలివి కాదు, ఒకరోజు తమ్ముడి మెడకే చుట్టుకుంటుంది.

ఆడిటరు ఇవన్నీ చెబుతాడు. అతను చెప్పనిది, మనం అడగనిది ఇంకొకటుంది. తమ్ముడికి రేపు ఒంట్లో బాగోకపోతే చెక్కు మీద సంతకం ఎవరిది? అక్క కూతురికి తెలుగు చదవడం రాదు, అయినా ట్రస్టీ కావచ్చా? ఏడాదికోసారి లెక్కలు చూడ్డానికి అందరూ కూర్చోకపోతే, వీడియోలోనైనా ముఖం చూపించనివాళ్లకి ఓటుంటుందా? అన్నదమ్ములకు మాట పట్టింపు వస్తే మధ్యవర్తి ఎవరు? ఇవన్నీ రిజిస్ట్రారాఫీసుకు వెళ్లకముందు, అమ్మ ఇంకా వంటింట్లోంచి కేకలేస్తుండగానే, రాసుకోవాల్సిన సంగతులు. మనవాళ్లు స్టాంపు పేపరు కొన్న మరునాడే ఎక్కడో దొరికిన నమూనా దించేస్తారు. అందులో ‘జీవితకాల మేనేజింగ్ ట్రస్టీ’ అని ఒక ఖాళీ ఉంటుంది. ఊళ్లో ఉన్నవాడి పేరు అక్కడ పడిపోతుంది. ఉన్నవాడు కాబట్టి పనంతా వాడిదే, పనంతా వాడిదే కాబట్టి అనుమానమంతా వాడి మీదే.

“మరి నీ తర్వాత ఎవరని రాశావురా?” అంది అక్క.

“మా వాడి పేరు.”

“మా అమ్మాయిది కూడా రాయి. ఫారం పంపించు, సంతకం పెట్టిస్తా.”