ఉత్తరాంధ్ర పీజీ విద్యార్థులకు ఉద్యోగ మార్గదర్శక సేవలు

పీజీ, పరిశోధన విద్యార్థులకు తమ చదువుతో ఏయే ఉద్యోగాలకు వెళ్లవచ్చో చెప్పి, దరఖాస్తుకు, పరీక్షకు, ఇంటర్వ్యూకు తయారుచేసి, వీలైతే కంపెనీలను క్యాంపస్‌కు రప్పించే ఏర్పాట్లే ఉద్యోగ మార్గదర్శక సేవలు. ఉత్తరాంధ్రలో వీటికి ప్రధాన కేంద్రం విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో మొదలై 1930లో విశాఖలోని వాల్తేరుకు తరలిన ఈ విశ్వవిద్యాలయానికే నర్సీపట్నం ప్రభుత్వ డిగ్రీ కళాశాల అనుబంధం. ఆ పట్టణంలో డిగ్రీ ముగించి పీజీ చేయాలనుకునేవారు ఎక్కువగా ఎక్కేది విశాఖ బస్సే. ప్రయాణం సుమారు 80 కిలోమీటర్లు. నర్సీపట్నం రోడ్డు పేరుతో రైల్వే స్టేషన్ ఉంది గానీ అది పట్టణానికి చాలా దూరం. చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల గిరిజన విద్యార్థులైతే ముందు ఘాట్ దిగి నర్సీపట్నం రావాలి. క్యాంపస్ నోటీసు బోర్డులో అంటించిన కబురు అంత దూరం చేరుతుందా, చేరితే గడువులోగా చేరుతుందా అన్నదాన్ని బట్టే ఈ సేవల మంచిచెడ్డలు తేల్చాలి.

కార్డు నాటి రోజులు

విద్యార్థుల కొలువుల సంగతి విశ్వవిద్యాలయాలు పట్టించుకోవడం కొత్త కాదు. ఆక్స్‌ఫర్డ్ 1892లోనే ఇందుకోసం ఒక కమిటీని వేసింది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వృత్తి మార్గదర్శక కార్యాలయం తెరిచాడు. తన శక్తి ఏమిటో, ఎంచుకునే పని తీరు ఏమిటో రెండూ తెలుసుకున్నాకే మనిషి నిర్ణయం తీసుకోవాలన్నది ఆయన పద్ధతి.

మన దేశంలో ఈ వ్యవస్థ వేరే అవసరంలోంచి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తుండగా సైన్యం నుంచి బయటికి వచ్చేవారికి పని చూపించడానికి 1945 జూలైలో కేంద్రం ఉపాధి కార్యాలయాలకు (ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకు) శ్రీకారం చుట్టింది. శివరావు కమిటీ సిఫారసుల మేరకు 1956 నవంబరు 1న వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు కూడా అదే. 1959 చట్టం ప్రభుత్వ సంస్థలూ, 25 మంది లేదా అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాలని నిర్దేశించింది.

ఈ వ్యవస్థకు కొనసాగింపుగా విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార, మార్గదర్శక బ్యూరోలు ఏర్పడ్డాయి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు రెండింటిలోనూ అవి ఉన్నాయి. బ్యూరోను చూసుకునేది డిప్యూటీ చీఫ్ హోదాలో ఉండే ఉపాధి శాఖ అధికారి. పీజీ, వృత్తివిద్యా పట్టాలున్నవారు సాధారణంగా ఇక్కడ పేరు నమోదు చేసుకుంటారు. ఒకప్పుడు చదువుకున్న ప్రతి ఇంట్లోనూ ఎక్స్ఛేంజీ కార్డు ఉండేది. రెన్యువల్ గడువు దాటితే సీనియారిటీ పోతుందన్న భయంతో సర్టిఫికెట్లతో పాటే దాన్నీ భద్రంగా దాచుకునేవారు. కాల్ లెటర్ ఎప్పుడొస్తుందా అని ఏళ్లకేళ్లు ఎదురుచూసేవారు.

ఆ ఎదురుచూపుకు తెరదించింది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. కృష్ణా జిల్లాకు చెందిన ఎక్సైజ్ సూపరింటెండెంట్, మల్కాపట్నం వర్సెస్ కె.బి.ఎన్. విశ్వేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతోనే సరిపెట్టకూడదని, పత్రికల్లోనూ ఇతర మార్గాల్లోనూ ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసుకున్న అర్హులందరినీ పరిశీలించాలని ఆదేశించింది. పేరు నమోదు కాని అభ్యర్థికి ఇది న్యాయమే. అయితే కార్డుకున్న విలువ అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. పేర్లు రాసుకోవడమే ప్రధానంగా సాగిన బ్యూరోలు అప్పటినుంచైనా పూర్తిగా సలహా, సమాచారాల వైపు మళ్లాల్సింది. ఆ మార్పు చాలా నెమ్మదిగా జరిగింది.

మేళాలు, ప్లేస్‌మెంట్ లెక్కలు

2015 జూలై 20న కేంద్ర కార్మిక శాఖ నేషనల్ కెరీర్ సర్వీసు పోర్టల్‌ను ప్రారంభించింది. ఇందులో నమోదు ఉచితం. దానికి అనుబంధంగా మోడల్ కెరీర్ సెంటర్లు వచ్చాయి. విశాఖలో అది ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే నెలకొంది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా తోడవడంతో జాబ్ మేళాలు మామూలైపోయాయి. పొద్దున్నే వరుసలో నిలబడి, జిరాక్సుల ఫైలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు చేతబట్టుకుని, ఒక్కో కంపెనీ బల్ల దగ్గర కాసేపు మాట్లాడి రావడమే మేళా. డిగ్రీ, ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఇది నిజంగా ఉపయోగం. ఎమ్మెస్సీ చేసిన అమ్మాయికి మాత్రం అక్కడ దొరికేది తరచూ ఇంటర్‌తోనే సరిపోయే ఉద్యోగం.

కళాశాలల్లో ప్లేస్‌మెంట్ సెల్ పెరగడానికి ఇంకో కారణం గుర్తింపు, ర్యాంకుల ఒత్తిడి. న్యాక్ మదింపులో అయిదో ప్రమాణం విద్యార్థులకు అందే తోడ్పాటు, వారి పురోగతి గురించే. 2016 నుంచి వెలువడుతున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్న లెక్కలు అడుగుతారు. లెక్క అడిగితే సంస్థలు కదులుతాయి, అది మంచిదే. కానీ పెద్ద అంకె తేలిగ్గా వచ్చేది ఇంజినీరింగ్ నుంచి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక్కరోజులో పదులమందిని ఎంపిక చేసుకుని వెళ్తుంది. తెలుగు ఎంఏ, ఆర్థికశాస్త్రం, వృక్షశాస్త్రం విద్యార్థుల కోసం అలా వచ్చేవారు లేరు. వారికి కావాల్సింది ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడే మనిషి. ఆ మాటలకు ర్యాంకుల్లో మార్కులు లేవు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మొదటినుంచీ పీజీ, పరిశోధన విద్యార్థులే ఎక్కువ. అక్కడి ప్లేస్‌మెంట్ గైడెన్స్ అండ్ అడ్వయిజరీ బ్యూరో పని వారిని దృష్టిలో పెట్టుకునే సాగుతుంది. ఉత్తరాంధ్ర కళాశాలలు దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

రసాయనశాస్త్రం దారి

ఉత్తరాంధ్ర పీజీల్లో ఉద్యోగ మార్కెట్ కళ్లెదుటే ఉన్నది కెమిస్ట్రీ వాళ్లకు. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్, నక్కపల్లి పరిశ్రమలు మూడూ నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనివే. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అస్యూరెన్స్, ఆర్ అండ్ డీ విభాగాలకు ఎమ్మెస్సీ ఆర్గానిక్, అనలిటికల్ కెమిస్ట్రీ వాళ్లు కావాలి.

మార్గదర్శనం ఎంత పనిచేయగలదో ఇక్కడ ఒక్క కాగితంలో కనిపిస్తుంది. జిల్లా విద్యార్థి తెచ్చే బయోడేటాలో సాధారణంగా పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి నుంచి మార్కుల శాతాలు, వచ్చిన భాషలు ఉంటాయి. అడుగున పై వివరాలన్నీ నిజమని ఒక వాక్యం, సంతకం. ఇంటర్వ్యూ చేసే కెమిస్టు అడిగేది మాత్రం ఇవేవీ కాదు. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద మీరే శాంపిల్ పెట్టారా, ఇంకొకరు పెడుతుంటే చూశారా? పీక్ టెయిలింగ్ వస్తే మొదట ఏం చూస్తారు, కాలమా, మొబైల్ ఫేజా? ప్రాజెక్టులో ఎన్ని స్టెప్పులు చేశారు, యీల్డ్ ఎంత వచ్చింది? ప్రాజెక్టు చేసిన కుర్రాడికి వీటిలో కొన్నింటికైనా జవాబు తెలుసు. కానీ అవి కాగితం మీదికి ఎక్కించాల్సిన సంగతులని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. గంటసేపు కూర్చోబెట్టి ఆ నాలుగు వాక్యాలు అతని చేతే రాయించగల సలహాదారు ఒక మేళా కంటే ఎక్కువ మేలు చేస్తాడు.

ఉద్యోగం చూపించేవాళ్లు ఆ ఉద్యోగంలోని ప్రమాదమూ చెప్పాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. సాల్వెంట్ల దగ్గర పనికి శిక్షణ ఎన్నాళ్లిస్తారు, రాత్రి షిఫ్టుకు బస్సు ఉందా, ఆడపిల్లలకు బస ఎక్కడ అని అభ్యర్థి నిస్సంకోచంగా అడగవచ్చని నేర్పడం మార్గదర్శనంలో భాగమే. పెద్ద చదువు చదివిన తొలి తరం బిడ్డను పంపే తల్లిదండ్రులు మొదట తెలుసుకోవాలనుకునేది జీతం కంటే ఇదే.

పరీక్షల దారి, పరిశోధన దారి

ఆర్ట్స్, కామర్స్ పీజీల్లో ఎక్కువమంది చూపు ప్రభుత్వ పరీక్షల మీదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం చాలామందికి అసలైన శిక్షణ కేంద్రం. ఈ దారిలో ఆలస్యంగా తెలిసిన సమాచారం ఏళ్లను మింగేస్తుంది. స్కూల్ అసిస్టెంటు కావాలంటే ఎంఏ ఉంటే చాలదు, బీఈడీ, టెట్ కావాలి. 2015 నుంచి బీఈడీ రెండేళ్లు. ఈ సంగతి పీజీ చివరి సెమిస్టరులో తెలిసిన విద్యార్థికి పోయిన కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

పరిశోధన వైపు వెళ్లేవారికి 1989 నుంచి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంది. రాష్ట్రంలో దానికి సమానమైన ఏపీసెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయమే నిర్వహిస్తోంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ పరిశోధన భృతి నెలకు 37,000 రూపాయలు. 2023 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు నెట్ లేదా సెట్ చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశానికీ వీలుంది. ఏడాదిన్నరలో ఇన్ని నిబంధనలు మారాయి. పాత సీనియర్ చెప్పిన సలహా నమ్ముకున్నవాడు ఈ మార్పుల్లో నష్టపోతాడు.

విదేశాల్లో తెలుగు పీజీలు

ఇక్కడినుంచి వెళ్లి అమెరికాలో ఎమ్మెస్ చేసే తెలుగువారికి విశ్వవిద్యాలయ కెరీర్ సెంటర్ ఫీజులో భాగంగానే దొరుకుతుంది. రెజ్యూమే దిద్దడం, మాక్ ఇంటర్వ్యూలు, కెరీర్ ఫెయిర్ అన్నీ అక్కడే. అయినా చాలామంది మనవాళ్లు ముందు వెళ్లేది కన్సల్టెన్సీ దగ్గరికి, కొందరైతే చేయని ఉద్యోగాన్ని అనుభవంగా రాయించుకునేదాకా పోతారు. దీని వెనక ఉన్నది భయం. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు; సైన్స్, టెక్నాలజీ వంటి స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు. మొదటి దశలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు. ఇంట్లో అప్పుంది. కెరీర్ సెంటర్ గడప మొదటి సెమిస్టరులోనే తొక్కినవాళ్లకు ఈ భయం తగ్గుతుంది, ఎందుకంటే ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు చదువు మొదలైన కొద్ది వారాల్లోనే పడతాయి.

ఏడాది పీజీ

రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ నాలుగేళ్ల ఆనర్స్ బాటలోకి మారింది, పది నెలల ఇంటర్న్‌షిప్ చేరింది. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి ఏడాది పీజీ చాలునని యూజీసీ చట్రం చెబుతోంది. ఏడాదిలో ప్రవేశం, పరీక్షలు, ప్రాజెక్టు పోగా సలహాకు మిగిలే సమయం చాలా తక్కువ. కనుక ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి, పీజీలో ఏ సబ్జెక్టు పట్టాలి, ఏ పరీక్షకు ఏ అర్హత కావాలి అన్న ప్రశ్నలకు జవాబు డిగ్రీ కళాశాలలోనే దొరకాలి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఉమ్మడి రాష్ట్ర కాలంలో పెట్టిన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఈ పనికి ఇప్పటికే ఉన్న చోటు. విశ్వవిద్యాలయ బ్యూరో అధికారి నెలకోసారి విశాఖ నుంచి నర్సీపట్నం వచ్చి అక్కడ కూర్చుంటే, ఘాట్ పైనుంచి వచ్చే విద్యార్థికి వాల్తేరు ప్రయాణం ఒకటి తప్పుతుంది.