హుగ్లీ నదిపై గురువు పేరు

కోల్‌కతా, హౌరా నగరాలను వేరుచేస్తూ పారే హుగ్లీ నది మీది వంతెనల పేర్లను వరుసగా చూస్తే, వంగదేశం ఏ కాలంలో ఎవరిని తలచుకోదగిన వారిగా ఎంచిందో బోధపడుతుంది. 1931లో బాలీ వద్ద తెరిచిన వంతెనకు నాటి వైస్రాయి విల్లింగ్డన్ పేరు పెట్టగా, స్వాతంత్ర్యానంతరం అది వివేకానంద సేతువు అయింది. 1943 నుంచి వాడుకలో ఉన్న హౌరా వంతెనకు 1965లో రవీంద్రుని పేరు వచ్చింది. 1992 అక్టోబర్ 10న ప్రారంభమైన రెండవ హుగ్లీ వంతెన విద్యాసాగర్ సేతువుగా వెలసింది. 2007లో బాలీ వంతెన పక్కన లేచిన కొత్త వంతెనకు బాగ్‌బజార్‌లో ఆడపిల్లల బడి నడిపిన సోదరి నివేదిత పేరు పెట్టారు. పాలకుల పేర్లు మోసిన నదికి కవి, సన్యాసి, బడిపంతుళ్ల పేర్లు దక్కిన ఈ మార్పులో విద్యాసాగరుని స్థానం ప్రత్యేకమైనది.

‘విద్యాసాగర్’ ఇంటిపేరు కాదు. 1820లో మేదినీపూర్ ప్రాంతంలోని బీర్‌సింహ గ్రామంలో పుట్టిన ఈశ్వరచంద్ర బంద్యోపాధ్యాయకు సంస్కృత విద్యలో చూపిన ప్రతిభకు గుర్తింపుగా లభించిన బిరుదు అది. వంగదేశంలో ఇంటిపేరును మరపించి అదే అతని పేరుగా నిలిచింది. 1851లో కలకత్తా సంస్కృత కళాశాలకు అధ్యక్షుడైన వెంటనే, అంతవరకు బ్రాహ్మణ, వైద్య కులాల పిల్లలకే తెరిచి ఉన్న ఆ విద్యాలయంలో కాయస్థులకు, తరువాత ఇతరులకు ప్రవేశం కల్పించాడు. 1855లో వెలువరించిన ‘వర్ణపరిచయ్’ అనే అక్షరాభ్యాస గ్రంథంలో వంగ వర్ణమాలను సంస్కరించి, దీర్ఘ ౠకారం, దీర్ఘ ౡకారం వంటి వాడుకలేని అక్షరాలను తొలగించాడు. తెలుగువారికి పెద్దబాలశిక్ష ఎంత ఆప్తమో వంగీయులకు ఆ చిన్న పుస్తకం అంత ఆప్తం. సేతువు మీద అతని పేరు నిలవడానికి మరే కారణమూ అక్కరలేదనిపిస్తుంది.

అయినా అతని కృషి పుస్తకంతో ఆగలేదు. పాఠశాలల ప్రత్యేక పరిశీలకునిగా జిల్లాలు తిరుగుతూ 1857 నవంబర్, 1858 మే నెలల మధ్య 35 బాలికా పాఠశాలలు నెలకొల్పాడు. వాటికి ప్రభుత్వం నిధులు నిరాకరించినప్పుడు ఆ భారాన్ని తన మీద వేసుకున్నాడు. 1858లోనే ఉద్యోగం వదిలాడు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం వెనుక అతని శాస్త్రచర్చ, సంతకాల సేకరణ ఉన్న సంగతి సుప్రసిద్ధమే.

బాల్యంలో తండ్రితో కలిసి బీర్‌సింహ నుంచి కలకత్తాకు కాలినడకన వస్తూ, దారి పక్కన పాతిన మైలురాళ్లను మసాలా నూరే సన్నెకళ్లుగా భ్రమించి, అవేమిటని అడిగి, వాటి మీద చెక్కిన ఇంగ్లీషు అంకెలను నడుస్తూనే నేర్చుకున్నట్లు అతని స్వీయచరిత్ర చెబుతుంది. పిల్లవాడు నిజంగా నేర్చాడో లేదో చూడాలని తండ్రి మధ్యలో ఒక రాయిని కనబడనీయకుండా దాటించినప్పుడు, తరువాతి రాయి మీది అంకె తప్పుగా చెక్కారని పిల్లవాడు చెప్పాడట. ఆ ప్రయాణం నాటికి హౌరా వైపు నుంచి కలకత్తా చేరడానికి పడవే శరణ్యం. పడవలను వరుసగా కట్టి, వాటిపై బల్లలు పరిచిన తొలి తేలుడు వంతెన 1874లో గాని రాలేదు. తల్లిని చూడటానికి పొంగుతున్న దామోదర నదిని ఈదాడన్న కథ జనశ్రుతి మాత్రమే. అయినా నదిని దాటడమనే భావనను వంగ ప్రజలు ఈ గురువుతో ఎంత గాఢంగా ముడిపెట్టుకున్నారో అది తెలుపుతుంది.

అతని పేరు పెట్టుకున్న కట్టడం తీగల వంతెన, అంటే ఎత్తైన స్తంభాల నుంచి ఏటవాలుగా దిగే ఉక్కు తీగలు రహదారి పలకను పట్టి ఉంచే నిర్మాణం. 1972లో శంకుస్థాపన జరిగినా పని 1979లో గాని మొదలుకాలేదు. మొత్తం పొడవు 823 మీటర్లు కాగా, నది మధ్య స్తంభాల ఎడం 457 మీటర్లు.

ఈ పేరు తెలుగు నేలకు పరాయిది కాదు. కోరంగి, ధవళేశ్వరం బడులలోను, రాజమహేంద్రవరం కళాశాలలోను బోధించిన కందుకూరి వీరేశలింగం, 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం జరిపించి, ‘దక్షిణదేశ విద్యాసాగరుడు’గా ప్రసిద్ధి పొందాడు. రాజమహేంద్రవరం దగ్గరే గోదావరిని దాటించిన తొలి రైలు వంతెన మాత్రం 1900లో మద్రాసు గవర్నరు హేవలాక్ పేరుతో తెరుచుకొంది, 1997లో రైళ్లు ఆగిపోయిన తరువాత కూడా ప్రజలు దానిని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నోటి వాడుక అంత తేలికగా మారదు: హుగ్లీ తీరంలోనూ విద్యాసాగర్ సేతువును ‘రెండవ హుగ్లీ వంతెన’ అనేవారు నేటికీ ఎందరో ఉన్నారు.